ఆస్టన్ కుర్రాడు ఇంటికొచ్చాడు

2025 జులై 5, బర్మింగ్‌హామ్‌లోని విల్లా పార్కు ఫుట్‌బాల్ స్టేడియం. మధ్యాహ్నం మొదలైన కచేరీ రాత్రి దాకా సాగింది. మెటాలికా, గన్స్ అండ్ రోజెస్, స్లేయర్, టూల్... తమ పేరు మీదే స్టేడియాలు నింపగల బృందాలన్నీ ఆ రోజు ఒక పెద్దాయన కోసం ముందు పాడి పక్కకు తప్పుకున్నాయి. నలభై వేల మందికి పైగా జనం. చివరికి వేదిక కింది నుంచి నల్లటి సింహాసనం ఒకటి పైకి లేచింది. అందులో ఓజీ ఆజ్‌బర్న్. వయసు 76. ఓ పక్క పార్కిన్సన్స్ వ్యాధి, మరో పక్క వెన్నెముకకు జరిగిన ఆపరేషన్లు. నిలబడి పాడే ఓపిక లేదు కాబట్టి కూర్చునే పాడాడు.

ఓజీ పెరిగిన ఆస్టన్‌లోని లాడ్జ్ రోడ్డు ఆ స్టేడియానికి కూతవేటు దూరం. మ్యాచ్ రోజున వీధిలో కార్లు ఆపేవాళ్ల దగ్గరికి పరుగెత్తి, కాపలా ఉంటామని చెప్పి చిల్లర సంపాదించుకున్న పిల్లల్లో అతనూ ఒకడు. ఆరుగురు పిల్లలున్న కార్మిక కుటుంబం. తండ్రిది రాత్రి షిఫ్టు. తల్లి పనిచేసే లూకాస్ ఫ్యాక్టరీలోనే ఓజీ కారు హారన్లు శ్రుతి చేసే పనిలో చేరాడు. కబేళాలోనూ పనిచేశాడు. డిస్లెక్సియా వల్ల చదువు అబ్బలేదు, పదిహేనేళ్లకే బడి మానేశాడు. దొంగతనం చేసి దొరికిపోతే, బుద్ధి రావాలని తండ్రి జరిమానా కట్టలేదు. జైలుకెళ్లొచ్చాడు. ఆ తండ్రే తర్వాత 250 పౌండ్లు అప్పు చేసి కొడుక్కి మైకు, స్పీకర్లు కొనిచ్చాడు. సొంత మైకు సెట్టు ఉండటమే బృందం వెతుక్కోవడానికి అతనికి దొరికిన తొలి అర్హత.

అలా 1968లో నలుగురు ఆస్టన్ కుర్రాళ్లు కలిశారు. గిటారిస్టు టోనీ అయోమీ అప్పటికే రేకుల ఫ్యాక్టరీలో రెండు వేళ్ల కొసలు పోగొట్టుకున్నాడు. అదీ ఉద్యోగంలో ఆఖరి రోజున! అతనిది ఎడమచేతి వాటం కాబట్టి తెగినవి తీగలు నొక్కే కుడిచేతి వేళ్లే. ప్లాస్టిక్ సబ్బు సీసా కరిగించి, వేళ్లకు సరిపడేలా తొడుగులు చేసుకున్నాడు. సన్నని తీగలు వేసుకున్నాడు. తర్వాత వాటిని వదులు చేసి శ్రుతి దించాడు. ఆ దించిన శ్రుతిలో పుట్టిన బరువైన మోతే హెవీ మెటల్‌కు ఆధారమైంది. గాయపడిన చెయ్యి తనకు వీలైన దారి వెతుక్కుంటే ఓ సంగీత సంప్రదాయమే మొదలైంది. నాకు ఈ కథలో అన్నిటికన్నా గొప్పగా తోచేది ఇదే.

ఆ నలుగురి బృందమే బ్లాక్ సబ్బాత్. దాని తొలి ఆల్బమ్ దాదాపుగా ఒక్క రోజులో రికార్డయింది. 1970 ఫిబ్రవరి 13న వచ్చింది. విమర్శకులు తిట్టిపోశారు, జనం కొన్నారు. 1979లో తాగుడు, మత్తుమందుల గొడవతో ఓజీని బృందం బయటికి పంపింది. ఆపైన అతను సొంత దారి చూసుకున్నాడు, అక్కడా గెలిచాడు.

వీడ్కోలు ప్రకటించి మళ్లీ వేదికెక్కడం రాక్ ప్రపంచంలో మామూలే. 1992లో ఓజీ కూడా అదే చేశాడు. ఈసారి మాత్రం అది మాటవరస కాదని ఆ సింహాసనాన్ని చూసిన అందరికీ అర్థమైంది. ముందు సొంత పాటలు పాడాడు. 'మామా, ఐయామ్ కమింగ్ హోమ్' దగ్గర గొంతు వణికింది, శ్రుతి కాస్త జారింది. దాన్ని తప్పు పట్టడానికి నాకు మనసొప్పదు. ఇంటి పక్క మైదానంలో, ఆ శరీరంతో, ఆ పాటను అంతకన్నా నిజంగా పాడటం ఎవరి వల్లా కాదు. తర్వాత పాత బృందంలోని మిగతా ముగ్గురూ, అయోమీ, గీజర్ బట్లర్, డ్రమ్స్ దగ్గర బిల్ వార్డ్ వచ్చారు. నలుగురూ కలిసి వాయించడం 2005 తర్వాత అదే మొదటిసారి. నాలుగు పాటలు పాడారు, ఆఖరిది 'పారనాయిడ్'.

కచేరీ లాభాలను పార్కిన్సన్స్ పరిశోధనకు, బర్మింగ్‌హామ్ పిల్లల ఆసుపత్రికి, అవసాన దశలో ఉన్న పిల్లల్ని చూసుకునే ఏకోర్న్స్ సంస్థకు కేటాయించారు. పదిహేడు రోజుల తర్వాత, జులై 22న ఓజీ కన్నుమూశాడు. బ్రాడ్ స్ట్రీట్‌లో బ్లాక్ సబ్బాత్ పేరు పెట్టిన వంతెన మీదుగా సాగిన అంతిమయాత్రకు ఊరు ఊరంతా తరలివచ్చింది.

ఈ సంగీతం మీకు కొత్తయితే ఆ తొలి ఆల్బమ్‌తోనే మొదలుపెట్టండి. రికార్డు చేసేనాటికి నలుగురిలో ఎవరికీ పాతికేళ్లు నిండలేదు. సౌండ్ మాత్రం తగ్గించకండి.