బురదలో బుడగలు

సార్వా నాట్లు పడి నెల దాటాక మడిలోకి దిగితే కాలి చుట్టూ బుడబుడమని గాలి లేస్తుంది. పామర్రు, అవనిగడ్డ వైపు పెరిగినవాళ్లకు ఇది చిన్ననాటి ముచ్చటే. ఆ బుడగల్లో మీథేన్ ఉంటుంది. గోబర్ గ్యాస్ పొయ్యి మీద మండేదీ అదే. నీళ్లు నిలిచిన అడుసులోకి గాలి చొరదు. ప్రాణవాయువు అక్కర్లేని సూక్ష్మజీవులు అక్కడ కుళ్లిన గడ్డినీ, వేళ్లనీ తిని ఆ వాయువును వదులుతాయి. బుడగలుగా కనిపించేది కొంతే. వేళ్లకు గాలి పంపుకోవడానికి వరి తన ఒంట్లో ఏర్పరచుకున్న సన్నని దారుల గుండానే చాలా భాగం పైకి పోతుంది.

వాతావరణం వేడెక్కడం గురించి మాట వస్తే బెజవాడ వాళ్ల చూపు ఇబ్రహీంపట్నం పొగగొట్టాల మీదికే పోతుంది. తప్పేమీ లేదు. బొగ్గుతో ఒక్క యూనిట్ కరెంటు తీస్తే దాదాపు కిలో బొగ్గుపులుసు వాయువు గాలిలో కలుస్తుంది. అయితే అక్కడి నార్ల తాతారావు థర్మల్ కేంద్రం మీద నిర్ణయం నలుగురు అధికారులు కూర్చుని తీసుకోగలరు. పొలం సంగతి అలా కాదు. 1855లో కృష్ణ మీద ఆనకట్ట పూర్తయ్యాక, 1957లో దాని చోట ప్రకాశం బ్యారేజీ వచ్చాక, కాలువల కింద సుమారు 13 లక్షల ఎకరాల ఆయకట్టు నిలిచింది. అక్కడ ప్రతి గట్టు మీదా ఒక నిర్ణయం జరగాలి.

కిలో మీథేన్ వందేళ్ల లెక్కన దాదాపు 28 కిలోల బొగ్గుపులుసు వాయువుకు సమానం. కానీ గాలిలో సగటున పన్నెండేళ్లే నిలుస్తుంది. అందుకే దీన్ని తగ్గిస్తే ఫలితం త్వరగా కనిపిస్తుంది. 2021లో గ్లాస్గో సదస్సులో చాలా దేశాలు కలిసి మీథేన్ తగ్గిస్తామని ఒప్పుకున్నాయి. భారత్ సంతకం పెట్టలేదు. చమురు బావుల దగ్గర కారిపోయే గ్యాసునూ, రెండెకరాల రైతు మడిలో పుట్టే గ్యాసునూ ఒకే తక్కెడలో తూచడం న్యాయం కాదన్నది మన వాదన. అందులో నిజముంది. అయినా మీథేన్ తగ్గించే పద్ధతే నీళ్లనూ మిగులుస్తుందంటే రైతు ఊరికే కాదనడు.

ఆ పద్ధతికి కావలసింది చిన్న గొట్టం ముక్క. అడుగు పొడవు ప్లాస్టిక్ గొట్టానికి కింది సగంలో చిల్లులు పొడిచి మడిలో దిగేస్తారు. లోపలి నీరు నేల మట్టానికి అరడుగు లోతు దాకా దిగేవరకు ఆగి, అప్పుడు మళ్లీ తడి ఇస్తారు. పూత దశలో మాత్రం నీరు తగ్గనివ్వరు. నేలలోకి గాలి దూరగానే ఆ సూక్ష్మజీవుల ఆట కడుతుంది. మీథేన్ సగం దాకా తగ్గుతుంది. నైట్రస్ ఆక్సైడ్ కాస్త పెరుగుతుంది గానీ, యూరియా చూసి వేసుకుంటే మొత్తం మీద లాభమే. ఆరుతడి ఇవ్వడం మనకు కొత్త కాదు. వ్యవసాయ శాస్త్రవేత్త ఆలపాటి సత్యనారాయణ 2003 సార్వాలో రాష్ట్రానికి పరిచయం చేసిన 'శ్రీ' వరిలోనూ కిటుకు ఇదే.

మరి ఈ పద్ధతి కృష్ణా డెల్టా అంతా ఎందుకు పాకలేదు? జవాబు బోదెల దగ్గరే దొరుకుతుంది. ఇక్కడ చాలాచోట్ల నీళ్లు మడి నుంచి మడికి పారతాయి. పై మడి రైతు ఆరబెడితే కింది మడికి అందవు. శివారు భూముల్లో వంతు ఎప్పుడొస్తుందో తెలియదు, వచ్చిననాడు గట్టు తెగేదాకా నింపుకోవడం తెలివితక్కువ కాదు, బతుకుతెరువు. దివిసీమలో ఇంకో చిక్కు. మడిలో మంచినీరు తగ్గితే అడుగునున్న ఉప్పు పైకొస్తుంది, చేను చౌడుబారుతుంది. ఇక వానాకాలం సంగతి చెప్పనే అక్కర్లేదు. 2024 సెప్టెంబరులో బ్యారేజీ మీదుగా 11.43 లక్షల క్యూసెక్కులు పోయి పాత రికార్డు చెరిగింది. అలాంటి రోజుల్లో, డ్రెయిన్లు నిండి వెనక్కి తన్నుతుంటే, పొలం ఆరబెట్టమని ఎవరికి చెబుతాం? గొట్టం ఖరీదు ఎంతో కాదు. దానికి ముందు కాలువ వంతు నమ్మకంగా రావాలి, మురుగు కాలువ పూడిక తీయాలి.

వరి తర్వాతి కథ కొంత ఆశగా ఉంటుంది. కోతకు రెండు మూడు రోజుల ముందే వరిలో మినుము చల్లి, మిగిలిన తేమతోనే పండించడం ఇక్కడి పాత అలవాటు. నీరు నిలవదు కాబట్టి మీథేన్ బెడద లేదు, పైగా పప్పుజాతి మొక్క నేలకు నత్రజని ఇస్తుంది. 2016లో రైతు సాధికార సంస్థ చేతుల మీదుగా మొదలైన ప్రకృతి వ్యవసాయం ఇంకో అడుగు వేసింది. ఎండాకాలం నేల ఖాళీగా మాడకుండా వానలకు ముందే నవధాన్యాలు చల్లమంది. పచ్చగా ఉన్నంతకాలం మొక్క గాలిలోని కర్బనాన్ని వేళ్ల ద్వారా నేలకు చేరుస్తూనే ఉంటుంది. ఈ కార్యక్రమానికి 2024లో పోర్చుగల్ వారి గుల్బెంకియన్ బహుమతి మరో ఇద్దరితో కలిపి దక్కింది.

ఈ కర్బనాన్ని అమ్ముకోవచ్చనే మాట ఇప్పుడు ఊళ్లలోకీ వస్తోంది. కాస్త ఆగి వినడం మేలు. కార్బన్ క్రెడిట్లు జారీచేసే వెర్రా సంస్థే 2024లో చైనాలోని 37 వరి ప్రాజెక్టులను తిరస్కరించింది.

నది సముద్రంలో కలిసే చోట పని తలకిందులు: నీరు ఆరబెట్టడం కాదు, రప్పించడం. అక్కడ నరికేసిన మడ అడవుల్లో నేల కుంగి, ఉప్పునీరు నిలిచిపోయి, కొత్త మొక్క మొలవడం మానేసింది. చేపముల్లు ఆకారంలో నడుమ ఒక పెద్ద కాలువ, ఇరువైపులా పిల్లకాలువలు తవ్వి, పోటు నీరు లోపలికి వచ్చి పోయేలా చేసి నాటితే మడ మొక్క పట్టుకుంటుంది. మామూలు అడవి కంటే ఎన్నో రెట్ల కర్బనాన్ని ఆ బురద దాచుకోగలదు. 1977 నవంబరు ఉప్పెన చూసిన దివిసీమ వాళ్లు మాత్రం ఆ చెట్లను గాలికీ అలకీ అడ్డుగోడగానే లెక్కపెడతారు.