సలహా చెప్పేవాని అమానతు

కాకినాడ ప్రజలకు సముద్రం దాటడం కొత్త సంగతి కాదు. ప్రపంచీకరణ అన్న మాట పుట్టక మునుపే ఈ రేవు నుంచీ, దీనికి దక్షిణాన ఉన్న కోరంగి నుంచీ మన జిల్లాల కూలీలు ఓడలెక్కి రంగూను పోయేవారు. బర్మాలో తెలుగువారికి కోరంగీలన్న పేరే స్థిరపడిపోయినది. వారిని తీసుకుపోయినవాడు మేస్త్రీ. ఊళ్ళోకి వచ్చి అడ్వాన్సు ఇచ్చేది అతడే, అక్కడ పని చూపేది అతడే, కూలిలో మినహాయించుకునేదీ అతడే. బర్మాలో బ్రతుకు ఎలా ఉంటుందో అడిగి తెలుసుకోవడానికి కూలీకి అతడు తప్ప వేరు దిక్కు లేదు. 1930 మే నెలలో రంగూను రేవులో తెలుగు కూలీలకూ బర్మీయులకూ మధ్య చెలరేగిన అల్లర్లలో ఎందరో తెలుగువారు ప్రాణాలు పోగొట్టుకున్నారు. 1942లో జపాను సేనలు వచ్చినప్పుడు వేలాదిమంది అడవులూ కొండలూ కాలినడకన దాటవలసి వచ్చినది. వీటన్నిటికీ మేస్త్రీయే కారకుడని అనలేము. అయితే, పోయేవాని లాభనష్టాలను తన లాభం చూసుకోకుండా చెప్పగలవాడు ఆ దారి పొడుగునా ఒక్కడూ లేడన్నది మాత్రం గమనించవలసిన విషయం.

నేడు మేస్త్రీ స్థానంలో ఏజెంటు ఉన్నాడు. రంగూను స్థానంలో కువైట్, దుబాయి, మస్కట్ ఉన్నాయి. గోదావరి జిల్లాల నుంచి గల్ఫుకు పోయేవారిలో ఇంటి పనికి పోయే స్త్రీలు కూడా చాలామంది. చదువుకున్న పిల్లలకు అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియాల పేర్లు చెప్పే కన్సల్టెన్సీలు వెలిశాయి. పదవ తరగతి పరీక్షలు ముగియక ముందే జూనియర్ కళాశాలల పి.ఆర్.ఓ.లు ఇంటి గుమ్మం తొక్కుతున్నారు. ఇంతమంది సలహా చెప్పేవారుండగా వృత్తి మార్గదర్శకుడనే మరొక మనిషి ఎందుకని ఎవరైనా అడగవచ్చు. సమాధానం ఒక్క ప్రశ్నలో ఉన్నది: వీరికి జీతం ఎవరిస్తున్నారు? పి.ఆర్.ఓ.కు చేర్పించిన తలకు ఇంత అని కళాశాల ఇస్తుంది. చాలా కన్సల్టెన్సీలకు విదేశీ విశ్వవిద్యాలయాలే కమీషను ఇస్తాయి. ఏజెంటు కొన్నిసార్లు ఇరువైపులా తీసుకుంటాడు. వెళ్ళవద్దని చెబితే వీరిలో ఎవరికీ పైసా రాదు.

ఇస్లాం ధర్మంలో సలహా అడగడానికి ఎంత విలువ ఉన్నదో, సలహా చెప్పేవాని మీద అంత బరువు ఉన్నది. ఎవరిని సలహా అడుగుతామో అతని చేతిలో ఒక అమానతు పెట్టినట్లేనని హదీసు తెలుపుతున్నది. అమానతు అంటే మనం సామాన్యంగా దాచి పెట్టమని ఇచ్చిన డబ్బు అనుకుంటాము. పదిహేనేళ్ళ కుర్రవాని భవిష్యత్తు అంతకంటె తక్కువ సొత్తు కాదు గదా! అమానతు పుచ్చుకున్నవాడు దాని మీద వ్యాపారం చేసుకోరాదన్నది ఫిఖహ్ తెలియని సామాన్యునికి కూడా తెలిసిన విషయమే.

మనిషి శక్తిని చూసి పని చెప్పడం దైవప్రవక్త (స) ఆచరణలోనే కనిపిస్తుంది. హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (ర) చిన్న వయసులోనే చురుకైన జ్ఞాపకశక్తి గలవారు. యూదుల లిపి నేర్చుకోమని ఆయనను ఆదేశించగా పక్షం రోజులలో నేర్చుకున్నారు. హజ్రత్ అబూజర్ (ర) భక్తి విశ్వాసాలలో ఎంత ఉన్నతులో అందరికీ తెలుసు. అయినా ఆయన అధికార పదవి కోరినప్పుడు, అది అమానతు అనీ, ఆ బరువు మోయడానికి ఆయన బలహీనులనీ ప్రవక్త (స) ప్రేమతోనే కాని దాపరికం లేకుండా చెప్పారు. కాదని చెప్పగలగడం కూడా మార్గదర్శనమే. మన ఊళ్ళలో లేనిది ఎక్కువగా ఇదే.

ఆరేడు వందల సంవత్సరాలుగా మదరసాలలో చదువుతున్న ‘తాలీముల్ ముతఅల్లిమ్’ గ్రంథంలో ఇమాం జర్నూజీ విద్యార్థి తన చదువును తానొక్కడే నిర్ణయించుకోరాదని, ఎవరి స్వభావానికి ఏది తగునో అనుభవం గల గురువుకు తెలుస్తుందని వ్రాశారు. ఇమాం బుఖారీ మొదట ఫిఖహ్ మొదలుపెట్టగా, ఆయన స్వభావం గ్రహించిన గురువు హదీసు విద్యకు మళ్ళించారని అందులో ఒక కథ చెప్పారు. బుఖారా పోయి చదువుకోవాలనుకున్న ఒక విద్యార్థికి, అక్కడికి చేరగానే తొందరపడి గురువును పట్టుకోవద్దు, రెండు నెలలు ఆలోచించి ఎన్నుకో అని సమర్‌ఖందు పండితుడొకరు చెప్పిన సలహా కూడా అందులోనే ఉన్నది. మన పి.ఆర్.ఓ.లు రెండు రోజులు గడువు ఇవ్వరు; ఈ రోజు కడితే ఫీజులో రాయితీ అంటారు.

ఇమాం గజాలీ (మరణం 1111) ‘ఇహ్యా’లో మరొక లోపాన్ని ఎత్తి చూపారు. ఊరిలో ముస్లిం వైద్యుడు లేకపోయినా అందరూ ఒకే విద్య వెంట గుంపులు కడుతున్నారనీ, వైద్యం కూడా ఫర్జె కిఫాయా అన్న సంగతి మరచారనీ ఆయన బాధ. నేడు విద్య మారినది గాని గుంపు మారలేదు.

పాశ్చాత్య దేశాలలో ఈ పని ఒక శాస్త్రీయ వృత్తిగా 1908లో అమెరికాలోని బోస్టన్ నగరంలో ఫ్రాంక్ పార్సన్స్ స్థాపించిన కార్యాలయంతో రూపుదిద్దుకున్నది. నిన్ను నీవు తెలుసుకో, పనుల సంగతి తెలుసుకో, రెండింటినీ పోల్చి ఆలోచించు. ఆయన పద్ధతి ఇంతే. మన దేశంలో 1952–53 నాటి మొదలియార్ కమీషనూ, 1964–66 నాటి కొఠారీ కమీషనూ పాఠశాలలలో మార్గదర్శకులు ఉండాలని సిఫారసు చేశాయి. అయినా నేటికీ మన వీధి బడికి ఆ మనిషి రాలేదు. పైపెచ్చు, కౌన్సెలింగ్ అన్న మాటకే మన రాష్ట్రంలో అర్థం మారిపోయినది. ప్రవేశ పరీక్ష ర్యాంకు వచ్చాక కంప్యూటరు ముందు కూర్చుని సీట్లకు ఆప్షన్లు పెట్టుకోవడాన్ని కౌన్సెలింగ్ అంటున్నాము. అక్కడ సలహా చెప్పేవారెవరూ ఉండరు.

నిజమైన మార్గదర్శకునికి ఏమేమి తెలిసి ఉండాలో కాకినాడ సంగతితోనే చూద్దాము. పదవ తరగతి తప్పిన పిల్లవానిని గల్ఫుకు పంపుతామని తండ్రి వచ్చాడనుకోండి. మళ్ళీ పరీక్ష వ్రాయించమనడమే మొదటి సలహా కావాలి. ఎందుకంటే పదవ తరగతి పాసు కానివాని పాసుపోర్టు మీద, గల్ఫు దేశాలతో సహా కొన్ని దేశాలకు ఉద్యోగానికి పోవాలంటే ప్రభుత్వ అనుమతి కావాలన్న ముద్ర ఉంటుంది. 1983 నాటి వలసల చట్టం ప్రకారం ఏజెంటు ప్రభుత్వం వద్ద రిజిస్టరై ఉండాలి. ఏజెంటు పేరు నిజమో కాదో ప్రభుత్వపు ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూడవచ్చు. అతడు తీసుకోదగిన రుసుము ముప్పై వేల రూపాయలూ, దాని మీద పన్నూ మాత్రమే. ఈ ఒక్క అంకె తెలిసి ఉంటే ఎన్ని పుస్తెలతాళ్ళు తాకట్టు నుంచి తప్పించుకునేవో!

ఇంటి పనికి పోయే స్త్రీ విషయంలో జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. అటువంటి ముద్ర గల పాసుపోర్టుతో ముప్పై సంవత్సరాలు నిండని స్త్రీకి అనుమతి లేదు. 2016లో వచ్చిన నిబంధన వీరిని ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలన్నది. మన రాష్ట్రంలో ఓమ్‌క్యాప్ అటువంటిది. దీనిని తప్పించుకోవడానికే దళారులు విజిట్ వీసా చేతిలో పెడతారు. ఖాదిం వీసా మీద పోయి దుకాణంలో పని చేయవచ్చనీ, ఆజాద్ వీసా మీద ఎక్కడైనా పని చేసుకోవచ్చనీ చెబుతారు. ఆజాద్ అన్న పేరు వినసొంపుగా ఉంటుంది గాని అటువంటి వీసా ఏ చట్టంలోనూ లేదు. కఫీలును వదిలి మరొకచోట చట్టవిరుద్ధంగా పనిచేసేవారిని ఖల్లివల్లి అంటారని తిరిగి వచ్చినవారిని అడిగితే తెలుస్తుంది. కువైట్‌లో ఇంటి పనివారి కోసం 2015లో వచ్చిన చట్టం యజమాని పాసుపోర్టు ఉంచుకోరాదంటున్నది. ఈ సంగతి ఆమెకు విమానం ఎక్కక ముందే తెలియాలి.

పెద్ద చదువులకు పోయేవారు మోసపోరనుకోవడం పొరపాటు. 2011లో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ విశ్వవిద్యాలయం మూతపడినప్పుడు చిక్కుకున్నవారిలో తెలుగు విద్యార్థులే అధికం; కొందరి కాళ్ళకు నిఘా పట్టీలు కట్టారు. 2019లో ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయమన్నది అమెరికా అధికారులే పన్నిన వల అని తేలినది. ఆ వ్యవహారంలో విద్యార్థులను చేర్పించిన ఎనిమిది మంది దళారుల మీద కేసులు పెట్టారు.

ఇంటి వద్ద ఉన్న అవకాశాలు కూడా తెలియక జారిపోతున్నాయి. 2007 చట్టం ముస్లింలలోని పదునాలుగు వెనుకబడిన వర్గాలకు బి.సి.-ఇ. కింద నాలుగు శాతం రిజర్వేషన్ ఇచ్చినది. 2010లో హైకోర్టు దానిని కొట్టివేసినా, సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు మీద అది అమలులో ఉంటూ వచ్చినది. షేక్‌లు అందులో ఉన్నారు, సయ్యదులు, పఠానులు లేరు, దూదేకులవారు బి.సి.-బి. కిందికి వస్తారు. ఈ తేడా తెలియక, తహసీల్దారు కార్యాలయం నుంచి సర్టిఫికెట్టు సకాలంలో తెచ్చుకోక సీటు పోగొట్టుకోవడం కంటె విచారకరం ఏముంటుంది? ఆంధ్రా పాలిటెక్నిక్ ఈ ఊరిలోనే ఉన్నది. దానికి వేరే ప్రవేశ పరీక్ష ఉన్నదని పదవ తరగతిలోనే చెప్పేవారు కావాలి.

మసీదు ఇమాం గారో, ఇంటి పెద్దలో చెబితే చాలదా అని కొందరంటారు. వారి దుఆ కావాలి, వారి మాట కావాలి. అయితే వీసా తరగతులు వారికి తెలియవలసిన పని లేదు. తెలియనిది తెలియదనడం వారికీ గౌరవమే. ఇస్తిఖారా ఉండగా మనుషులను అడగడమెందుకనేవారూ ఉన్నారు. సంగతులు విచారించి మనసు ఒక పని మీదికి పోయినప్పుడు దాని మంచిచెడ్డలను అల్లాహ్‌కు అప్పగించే ప్రార్థన ఇస్తిఖారా. విచారించే శ్రమను అది తప్పించదు.

కాబట్టి ప్రతి పట్టణంలోని ముస్లిం కమిటీలు కలిసి, బైతుల్‌మాల్ నుంచి జీతమిచ్చి, శిక్షణ పొందిన ఒక వ్యక్తినైనా నియమించుకోవాలి. ఆడపిల్లలూ తల్లులూ మనసు విప్పి మాట్లాడడానికి ఒక స్త్రీ ఉంటే మరీ మంచిది. కళాశాల నుంచి గాని, ఏజెంటు నుంచి గాని ఒక కప్పు టీ కూడా పుచ్చుకోరాదన్నది మొదటి షరతు. విన్న కుటుంబ విషయాలు బయటకు పొక్కరాదన్నది రెండవది. మొదటి సంవత్సరం ఆ వ్యక్తి చేయవలసిన పని కూడా పెద్దదేమీ కాదు: గల్ఫు నుంచి తిరిగి వచ్చిన ప్రతివారినీ కూర్చోబెట్టి, ఏ ఏజెంటు, ఏ వీసా, ఎంత కట్టారు, చెప్పిన జీతమెంత, చేతికి వచ్చినదెంత అన్న అయిదు ప్రశ్నలు అడిగి ఒక పుస్తకంలో వ్రాసుకోవడం.