ఇంటి తొట్టిలో పగడాలు: ముందు వెలుతురు, ఆ తరువాతనే జీవి

యానాం దాటి గోదావరి సముద్రంలో కలిసే చోట వరదల కాలంలో కడలి నీరు సైతం ఎర్రమట్టి రంగుకు తిరుగుతుంది. గోదావరి, కృష్ణా నదులు తెచ్చే ఒండ్రు, మంచినీరు విస్తారంగా వచ్చి కలుస్తున్నందువలన ఆంధ్ర తీరంలో చెప్పుకోదగిన పగడపు దిబ్బలు ఏర్పడలేదు. మన దేశంలో అవి ప్రధానంగా తమిళనాడు ఎదుటనున్న మన్నార్ సింధుశాఖ, పాక్ అఖాతం, గుజరాత్‌లోని కచ్ సింధుశాఖ, లక్షద్వీపాలు, అండమాన్ నికోబార్ దీవులలో ఉన్నాయి. బురదనీటిలో ఎండ లోతుకు దిగదు; ఎండ దిగని చోట దిబ్బ కట్టే పగడం బ్రతకదు. ఇంట్లో గాజు తొట్టి పెట్టి అందులో పగడాలను పెంచాలనుకునే కుటుంబం మొట్టమొదట గ్రహించవలసిన సంగతి ఇదే.

ఒకప్పుడు ఇది మహానగరాల సంపన్నులకే పరిమితమైన వినోదం. ఇప్పుడు హోసూరు, కోలారు, బళ్ళారి, బరంపురం వంటి ఊళ్ళలోను, వాటి చుట్టుపట్ల గ్రామాలలోను చేపల తొట్టి ఉన్న ఇళ్ళు తక్కువేమీ కాదు. బెంగళూరు దుకాణాలకో, అలంకార చేపల వ్యాపారానికి పేరుపొందిన చెన్నైలోని కొళత్తూరుకో వెళ్ళి వచ్చిన పిల్లలు మంచినీటి చేపలతో తృప్తిపడక ఉప్పునీటి తొట్టి కావాలని అడగడం సహజం. అయితే ఈ కొనుగోలులో డబ్బు నష్టంతో పాటు చట్టపరమైన చిక్కు, విషప్రమాదం కూడా పొంచి ఉన్నాయి. కావున విషయాన్ని కొంత వివరంగా తెలుసుకోవడం మేలు.

పగడం అనగానే మన ఇళ్ళలో గుర్తుకు వచ్చేది కుజగ్రహానికి చెప్పే నవరత్నం, అమ్మమ్మల మెడలోని ఎర్రపూసల దండ. ఆ ఎర్ర పగడం ముఖ్యంగా మధ్యధరా సముద్రంలో మసక వెలుతురు చోట్ల పెరిగే వేరొక జాతి. దానికి ఎండతో పనిలేదు. తొట్టిలో పెంచే పగడాల తీరు అది కాదు. ఇవి చూడటానికి మొక్కల వలె, రాళ్ళ వలె ఉన్నప్పటికీ నిజానికి జంతువులు. ఒక్కొక్క పగడంలో పాలిప్ అనే చిన్న చిన్న జీవులు వందలు, వేలుగా కలిసి ఉంటాయి. వాటి కణజాలంలో కంటికి కనబడని శైవలాలు, అనగా ఒక విధమైన పాచి మొక్కలు, కాపురముంటాయి. ఆ శైవలాలు వెలుతురును పట్టి ఆహారం తయారుచేసి అందులో అధికభాగాన్ని తమకు ఇల్లిచ్చిన పగడానికి ఇచ్చివేస్తాయి. దిబ్బ కట్టే పగడాలు అనేకం తమకు కావలసిన శక్తిలో నూటికి తొంభై వంతుల వరకు ఈ విధంగానే పొందుతాయి. వెలుతురు చాలకపోతే శైవలం పస్తు, దానితో పగడం పస్తు. వెలుతురు గాని వేడి గాని మితిమీరితే పగడం ఆ శైవలాలను బయటకు వెళ్ళగొట్టి తెల్లబడిపోతుంది. కొద్ది వారాలలో కోలుకోకపోతే చనిపోతుంది.

అందుచేత దుకాణంలో రంగు చూసి పగడం కొని, ఇంటికి వచ్చి దీపం వెతకడం తలక్రిందుల పని. ఇంట్లో ఏ దీపం పెట్టగలమో ముందుగా తేల్చుకొని, దానికి తగిన జీవిని తెచ్చుకోవాలి.

దీపం విషయంలో మూడు సంగతులు చూడాలి: రంగు, బలం, వేడి. సముద్రపు నీరు ఎరుపు కాంతిని పైపైననే పీల్చివేస్తుంది. నీలికాంతి మాత్రమే లోతుకు వెళుతుంది. పగడాలలోని శైవలాలు ఆ నీలికాంతికి అలవాటు పడ్డాయి. కనుక తొట్టి దీపంలో తెలుపుతో పాటు నీలం పాలు గట్టిగా ఉండాలి. సామాన్య గృహోపయోగ బల్బు గదికి వెలుగునిస్తుంది గాని ఈ అవసరాన్ని తీర్చదు. పూర్వం ఈ పనికి మెటల్ హాలైడ్ దీపాలు వాడేవారు. అవి నూటయాభై వాట్లు మొదలు నాలుగువందల వాట్ల వరకు కరెంటు తాగి, నీటిని కాచినంత పని చేసేవి. తరువాత వచ్చిన సన్నని ట్యూబులు మెరుగే అయినా ఏడాదికొకసారి మార్చవలసి వచ్చేది. ట్యూబు వెలుగుతున్నట్లే కనబడినా పగడానికి పనికివచ్చే కాంతి తగ్గిపోతుంది. నేడు ఎల్‌ఈడీ దీపమే సరైన ఎంపిక. నీలం, తెలుపు విడివిడిగా తగ్గించి పెంచుకునే వీలున్న దానిని కొనడం మంచిది. ఎరుపు, ఆకుపచ్చ, ఊదా అంటూ పది రంగులు చూపే దీపానికి అదనంగా చెల్లించవలసిన అవసరమేమీ లేదు.

బలాన్ని వాట్లతో కొలవడం పాత అలవాటు. ఎల్‌ఈడీల విషయంలో అది సరిపోదు. మొక్కలకు ఉపయోగపడే కాంతిని కొలిచే పార్ అనే ప్రమాణం ఒకటి ఉన్నది. ఉష్ణమండలంలో మిట్టమధ్యాహ్నపు ఎండ ఈ కొలతలో సుమారు 2000 ఉంటుంది. మెత్తని పగడాలకు 50 నుండి 100 వరకు చాలు. పెద్ద పాలిప్‌ల రాతి పగడాలకు నూటికి పైబడి, కొమ్మలు వేసే చిన్న పాలిప్‌ల రాతి పగడాలకు 200 నుండి 350 వరకు కావాలి. పార్ మీటరు ఖరీదైనది; ప్రతి ఇంటా ఉండదు. సెల్‌ఫోనులో లక్స్ కొలిచే వసతి ఉన్నా నీలి దీపం క్రింద అది తప్పుదారి పట్టిస్తుంది. లక్స్ మనిషి కంటికి కనిపించే వెలుగు కొలత. మన కంటికి నీలం మసకగానే తోస్తుంది. దీపం తయారీదారు ఏ లోతున ఎంత పార్ వస్తుందో తెలిపే పటం ఇస్తే దానినే నమ్మాలి. అటువంటి పటం లేని దీపాన్ని తగ్గించిన వెలుగుతో మొదలుపెట్టి చూడాలి.

ఉదాహరణకు రెండడుగుల పొడవు, అడుగుంబావు చొప్పున వెడల్పు, ఎత్తు గల తొట్టిని తీసుకుందాం. రాళ్ళు, ఇసుక పోగా అందులో సుమారు 75 లీటర్ల నీరు పడుతుంది. మెత్తని పగడాలకైతే దీనికి 40 వాట్ల మంచి ఎల్‌ఈడీ సరిపోతుంది. రోజుకు తొమ్మిది గంటలు వెలిగిస్తే నెలకు పదకొండు యూనిట్ల లోపు ఖర్చు. మొదటి వారం మూడవ వంతు వెలుగుతో ఉంచి నెల రోజులలో మెల్లగా పెంచాలి. ఆ తరువాత పగడమే చెబుతుంది. వెలుగు చాలకపోతే దీపం వైపు మెడ సాచినట్లు సన్నగా పొడవు సాగుతుంది, రంగు గోధుమకు తిరుగుతుంది. ఎక్కువైతే ముడుచుకుంటుంది, పాలిపోతుంది. ఉప్పు చారలు కట్టిన పైగాజు వెలుతురులో కొంత భాగాన్ని మింగివేస్తుంది కనుక దానిని తరచుగా తుడవాలి. కిటికీ ఎండలో తొట్టి పెడితే దీపం ఖర్చు కలిసివస్తుందని కొందరు భావిస్తారు. దాని వలన లభించేది పాచి, వేడి మాత్రమే.

ఇక పగడాల ఎంపికలో చట్టం చెప్పినది ముందుగా వినాలి. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 క్రింద 2001లో రాతి పగడాలన్నింటిని మొదటి షెడ్యూలులో చేర్చారు. నల్ల పగడాలు, సముద్రపు విసనకర్రలు, అగ్ని పగడాలు, ఆర్గాన్ పైపు పగడం కూడా వాటితో పాటే చేరాయి. ఇది పులికి, ఏనుగుకు ఉన్న రక్షణతో సమానం. ఈ జాబితాలోని జీవులను పట్టినా, అమ్మినా, కొన్నా మూడేళ్ళ నుండి ఏడేళ్ళ వరకు జైలు శిక్ష కలదు. 2022 సవరణతో జరిమానా కనీసం 25,000 రూపాయలకు పెరిగింది. నీటి గుర్రాలకు సైతం మొదటి షెడ్యూలు రక్షణ ఉన్నది. చనిపోయిన పగడపు ముక్క, అలంకారానికి అమ్మే తెల్లని కొమ్మ, ‘లైవ్ రాక్’ పేరిట దిబ్బ నుండి పగలగొట్టి తెచ్చిన రాయి కూడా చట్టం దృష్టిలో అదే కోవలోకి వస్తాయి. తీర్థయాత్రకు వెళ్ళి సముద్రపుటొడ్డున ఇటువంటి ముక్కలు కొని తెచ్చేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఈ కట్టుబాటు ఊరకనే రాలేదు. తూత్తుకుడి ప్రాంతంలో సున్నం కొరకు, కర్మాగారాల కొరకు పగడపు రాళ్ళను దశాబ్దాల పాటు తవ్వారు. 1986లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించబడిన మన్నార్ సింధుశాఖలోని 21 దీవులలో విలాంగుచల్లి, పూవరసన్‌పట్టి అనే రెండు నీటమునిగిపోయాయి. దిబ్బ అడ్డు లేని దీవిని అలలు కోసివేయడమే అందుకు ముఖ్య కారణం. 2010, 2016 వేసవులలో వేడికి అక్కడి పగడాలు పెద్దయెత్తున తెల్లబడ్డాయి.

కావున రాతి పగడాల ఊసు వదలివేయవలసినదే. చట్టం సంగతి అటుంచినా, వాటికి కావలసిన గట్టి దీపం, నిత్యం కాల్షియం పరీక్ష, నిలకడైన చల్లదనం గ్రామీణ గృహంలో కష్టసాధ్యం. మిగిలినవి మెత్తని రకాలు. చెప్పవలసి వస్తే అందం వీటికేమీ తక్కువ కాదు. పుట్టగొడుగు పగడాలుగా పిలిచేవి తొట్టి అడుగున నీడపట్టున కూడా పెరిగి, నెమ్మదిగా పిల్లలు పెడతాయి. క్రొత్తవారికి వీటికి మించినవి లేవు. తోలు పగడాలు నడిమి ఎత్తున, ఓ మోస్తరు వెలుతురులో బాగుంటాయి. ఇవి అప్పుడప్పుడు ముడుచుకొని పైన మైనపు పొర కట్టి, కొన్ని రోజులకు దానిని పాము కుబుసం వలె విడుస్తాయి. చచ్చిపోయినవని పారవేయరాదు. ఇవి నీటిలోకి ఘాటైన రసాయనాలు వదిలి పొరుగు పగడాలను బాధిస్తాయి కనుక మధ్య జాగా వదలి, వడపోతలో ఉత్తేజిత బొగ్గు ఉంచాలి. పిడికిలి మూసి తెరిచినట్లు కదులుతుండే జీనియా పిల్లలకు ముచ్చట గొలుపుతుంది. నచ్చిన చోట మాత్రం కలుపు వలె అల్లుకుపోతుంది. ఇవి పై జాబితాలో లేకపోయినా, తొట్టెలలో ముక్కలు చేసి పెంచినవేనా అని అడిగి, బిల్లు తీసుకొని మాత్రమే కొనాలి. దిబ్బ రాళ్ళకు బదులు కాల్చిన మట్టితో చేసిన కృత్రిమ రాళ్ళు చక్కగా పనిచేస్తాయి.

పూలగుత్తుల వలె రంగురంగులుగా ఉండే జొయాంథిడ్ల గురించి ప్రత్యేకంగా హెచ్చరించవలసి ఉన్నది. తక్కువ వెలుతురులో పెరుగుతాయి, చౌక, అందరికీ నచ్చుతాయి. కాని వాటిలో కొన్నింటియందు, ముఖ్యంగా పాలిథోవా జాతిలో, పాలిటాక్సిన్ అనే అతి తీవ్రమైన విషం ఉంటుంది. రాయిని శుభ్రపరచాలని వేడినీళ్ళలో మరిగించినపుడు, బ్రష్షుతో గీకినపుడు వెలువడిన ఆవిరి, తుంపరల వలన కుటుంబమంతా ఆసుపత్రి పాలైన సంఘటనలు పలు దేశాలలో నమోదయ్యాయి. తెగిన వ్రేలితో తాకినా, కంటిలో రసం చిమ్మినా ప్రమాదమే. చిన్నపిల్లలున్న ఇంట వీటిని తేకుండటం ఉత్తమం. తెచ్చినవారు చేతి తొడుగులు, కంటి అద్దాలు లేకుండా ముట్టరాదు. ఆ రాయిని ఎన్నడూ మరిగించరాదు.

వెలుతురుకు తోబుట్టువు వేడి. తొట్టి నీరు 24 నుండి 27 డిగ్రీల మధ్య ఉండాలి. 30 దాటి కొన్నాళ్ళు నిలిస్తే మెత్తని పగడాలకు కూడా ముప్పే. నీటిపై చిన్న ఫ్యాను పెడితే ఆవిరై రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. కోలారు, హోసూరు పీఠభూమిలో వేసవిలో ఈ ఉపాయం చాలవరకు సరిపోతుంది. యానాం, గంజాం తీరంలో గాలిలోనే తేమ అధికం కనుక ఫ్యాను అంతగా ఉపకరించదు. బళ్ళారి, రాయచూరు ప్రాంతాలలో గాలి పొడిగా ఉండి ఫ్యాను బాగా పనిచేసినా, నలభై డిగ్రీలు దాటే ఎండలకు చిల్లరు యంత్రం తప్పకపోవచ్చు. 150 వాట్ల చిల్లరు రోజుకు పన్నెండు గంటలు నడిస్తే నెలకు 54 యూనిట్లవుతుంది. దీపం ఖర్చు దాని ముందు ఏపాటిది? ఈ లెక్క వేసుకోకుండా తొట్టి కొనరాదు. ఆవిరైన నీటి స్థానంలో మంచినీరే పోయాలి, ఉప్పునీరు కాదు. ఆవిరైనది నీరే గాని ఉప్పు తొట్టిలోనే మిగులుతుంది.

ఆ మంచినీరు బోరు నీరు కారాదు. కోలారు, అనంతపురం సరిహద్దులలో చాలా బోర్ల నీరు గట్టిది, ఫ్లోరైడు కలది. ఆర్‌ఓ యంత్రంతో బాగా శుద్ధిచేసిన నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల చొప్పున అక్వేరియం ఉప్పు కలపాలి; పై తొట్టికి రెండున్నర కిలోలకు పైగా పడుతుంది. వంట ఉప్పులో కాల్షియం, మెగ్నీషియం వంటివి తగినంత ఉండవు గనుక అది పనికిరాదు. నీరు కలిపిన తరువాత నాలుగు నుండి ఆరు వారాలు ఏ పగడమూ వేయకుండా ఆగాలి. అమ్మోనియాను హరించే సూక్ష్మజీవులు స్థిరపడటానికి ఆ మాత్రం గడువు కావాలి. దుకాణదారు రేపే వేసుకోవచ్చని చెప్పినా వినరాదు.

కరెంటు పోయినప్పుడు ఏమి చేయాలన్నది చాలామంది అడిగే ప్రశ్న. ఒకరోజు దీపం వెలగకపోతే పగడానికి నష్టమేమీ లేదు. సముద్రంలోనూ మబ్బు పట్టిన రోజులుంటాయి. నీటిని కదిలించే పంపు ఆగితే మాత్రం కొన్ని గంటలలోనే ప్రాణవాయువు తగ్గి చేపలు, ఆపై పగడాలు చనిపోతాయి. ఇంట్లో ఇన్వర్టరు ఉంటే దానికి కలపవలసినది పంపునే. ఇన్వర్టరు లేని ఇంట బ్యాటరీతో పనిచేసే చిన్న గాలిపంపు ఒకటి, సిద్ధంగా కొన్ని సెల్లులతో సహా, తొట్టి ప్రక్కనే ఉంచుకోవాలి.