నిలిచినచోటనే తిరిగెడి కోతబండి

ఆశ్వయుజపు వానలు వెలిసిన పిమ్మట తెనాలిలో బయలుదేరి రేపల్లెకు పోవు రైలుబండిలో కిటికీ ప్రక్క చోటు దొరకినవాడు, కొబ్బరితోటల అడుగునను, పాఠశాలల ఆటస్థలములందును, ప్రహరీ కట్టి యిల్లు మాత్రము కట్టక విడిచిన స్థలములందును, కాలువగట్ల మీదను మోకాటి యెత్తున నిలిచిన గడ్డిని చూడక తప్పదు. వరి పండించుటకు కృష్ణా పశ్చిమ డెల్టా రైతు నారు పోసి, నాటి, నీరు కట్టి, ఎరువు చల్లి పడెడి పాట్లలో ఒక్కటియు ఎవరును పడకయే, ఈ గడ్డి వరికంటె ముందుగా పెరిగి, వరి కోసిన తరువాతను పెరుగుచునే యుండును.

ఇదివరలో దీనికొక లెక్క యుండెడిది. ఇంటింట గేదెలుండెను, గేదెకు గడ్డి, గడ్డికి కొడవలి, కొడవలికి చేయి, ఇట్లు అన్నియు సమకూడియుండుటచేత గడ్డి పెరుగుట యొక సమస్యయని యెవరికిని తోచలేదు. తెనాలివారికి గడ్డితో చుట్టరికము మరింత ప్రాతది: రాయలవారు మేపుమని యిచ్చిన గుఱ్ఱమును రామలింగడు గోడలో ఒక్క కంత విడిచిన కొట్టములో బంధించి, ఆ కంతలోనుండి దినమునకు గుప్పెడు గడ్డి మాత్రము అందించుచుండగా, పరీక్షింప వచ్చిన పెద్దమనిషి కంతలో ముఖము పెట్టినంతనే ఆయన గడ్డమునే గడ్డియనుకొని గుఱ్ఱము పట్టుకొన్నదన్న కథ యెరుగని బాలుడు ఈ ప్రాంతమున నుండడు. నేడు గేదెలు తగ్గినవి, కొడవలి పట్టు చేతులు అంతకంటెను తగ్గినవి. భుజమునకు తగిలించుకొని తిరుగు బ్రష్ కట్టరు ఇరువది ముప్పది సెంట్లకు చాలును గాని, అయిదెకరముల తోటకు దానినే నమ్ముకొన్నచో ఈ మూల ముగియునప్పటికి ఆ మూల మరల మొలచును. ఇట్టి వేళ అమెరికాలో నున్న కుమారుడు అచటి పచ్చికబయళ్ళపై స్వయముగా నడపిన జీరో టర్న్ మోవర్‌ను గూర్చి ఫోనులో వర్ణించి చెప్పగా, ఇచట తండ్రికి, అట్టిదొకటి మన తోటకును కొనవచ్చునా యన్న ప్రశ్న పుట్టుచున్నది. ఈ వ్యాసము ఆ తండ్రి కొఱకు.

మొదట దాని నడక యెట్టిదో తెలియవలయును. అరక దున్నినవారికి ఇది విడమరచి చెప్పనక్కరలేదు. చాలు చివర అరకను త్రిప్పునపుడు దాపటి యెద్దును నిలువరించి వలపటి యెద్దును అదలించినచో జత యంతయు ఎడమకు తిరుగును గదా! ఈ బండిలో ఆ రెండెద్దుల స్థానమున రెండు వెనుకచక్రములున్నవి. ఇంజను ఒక్కటియే యైనను అది నడపు నూనెపంపులు రెండు. ఎడమ పంపు ఎడమ చక్రమును, కుడి పంపు కుడి చక్రమును వేర్వేరుగ త్రిప్పును. స్టీరింగు లేదు. నడపువాని రెండు చేతులకు రెండు లీవర్లు. రెండును సమముగ ముందునకు త్రోసిన బండి తిన్నగా పోవును. ఒకటి ముందునకు, వేఱొకటి వెనుకకు లాగినచో, చక్రములు ఎదురెదురుగ తిరిగి, బండి బొంగరమువలె నిలిచినచోటనే వెనుదిరుగును. ముందుచక్రములు కుర్చీల క్రింది చక్రములవంటివి. అవి బరువు మోయునే గాని దారి చూపవు. వరికోతలకు వచ్చెడి చైను మిషను మడిచివర ఒక చైనును ఆపి రెండవదానితో గిరుక్కున తిరుగుట చూచినవారు ఈ యంత్రమును సగము చూచినట్లే.

ఇంగ్లండులోని స్ట్రౌడు ప్రాంతీయుడైన ఎడ్విన్ బడ్డింగ్, ఉన్నిబట్టపై నూగును సమముగ కత్తిరించు మిల్లుయంత్రమును చూచి, అదే యుపాయము పచ్చికకేల పనికిరాదని తలచి, 1830లో మొదటి పచ్చికకోత యంత్రమునకు పేటెంటు పొందెను. 1949లో మిస్సోరి రాష్ట్రమున వారెన్స్‌బర్గు వాసి మాక్స్ స్విషరు జీరో టర్న్ పద్ధతిని తొలుత రూపొందించినట్లు చెప్పుదురు. రెండు లీవర్లతో నూనెపంపుల బలమున నడచు నేటి రూపమునకు మూలము 1963 ప్రాంతమున కాన్సాస్ రైతు జాన్ రీగర్ చేసిన బండి. అనగా ఇది కాన్సాస్ బయళ్ళ బిడ్డ. దానిని మన డెల్టాకు కోడలిగా తెచ్చుకొనుటకు పూర్వము మన నేల దానిని భరించునా, అది మన నేలను భరించునా యని విచారింపవలసియున్నది. కొనువారిలో పెక్కుమంది ఇంజను అశ్వశక్తిని అడుగుదురే గాని తమ నేలను అడుగరు.

తెనాలి, రేపల్లెల చుట్టును కృష్ణమ్మ తెచ్చి పోసిన నల్లరేగడి. అది వేసవిలో చేయి దూరునంతటి బీటలు వాఱును, వానకు ఉబ్బి జిగురగును. బీట వాఱిన నేలపై ఆ చిన్న ముందుచక్రము పడినపుడెల్ల నడపువాని నడుము లెక్క చెప్పును. తడిసిన నేలపై నయితే, చక్రముల నెదురెదురుగ త్రిప్పి తిరుగు ఈ బండి, తిరిగిన ప్రతిచోటను గరికను వేళ్ళతో సహా పెకలించి బురదగుంట చేయును. పంటకాలమున టైర్ల మిషను దిగబడుచోట చైను మిషనును పిలుతురు గదా. మన కోతబండి టైర్ల కుటుంబములోనిది. బాపట్ల దారిలో కథ మారును. సముద్రము సమీపించుకొలది నేల యిసుకయై, వరి వెనుకబడి వేరుసెనగ, జీడిమామిడి, సరుగుడు కానవచ్చును. 1945లో స్థాపింపబడిన బాపట్ల వ్యవసాయ కళాశాల ప్రాంగణమునకో, సూర్యలంక తీరమున వెలసిన విడిదిగృహములకో పోయి చూచినచో, వాన వెలిసిన మఱునాడే కాలికి బురద యంటని నేల యెట్టిదో తెలియును. అచట దిగబడు భయము తక్కువ. కాని బండి తిరిగినచోట పచ్చిక చిరిగి ఇసుక బయటపడును, ఆ యిసుక లేచి బ్లేడు అంచును ఆకురాయివలె అరగదీయును. సాధారణముగ ఇరువదియైదు గంటల పనికొకమారు పదును పెట్టవలసిన బ్లేడునకు ఇసుకనేలలో అంత గడువు ఈయరాదు. ఉప్పుగాలి సంగతి చెప్పనక్కరలేదు: బ్లేడ్లను కప్పియుండు రేకుమూతయైన డెక్కు క్రింద అంటిన పచ్చిగడ్డిని గీకివేయక విడిచినచో ఆ రేకు తుప్పు పట్టును.

కావున నా సలహా యిది. కార్తికమాసమున, మంచివాన కురిసి రెండు దినములు గడచిన పిదప, తోట నాలుగు మూలలకును నడచి మడమతో నేల నొక్కిచూడుడు. మడమ గుంటలో నీరూరిన భాగము ఎంతో, ఆ భాగమున ఈ బండి యేడాదిలో నాలుగైదు నెలలు అడుగు పెట్టరాదు. ఆ భాగము సగమునకు మించినచో బండి కొనుటకంటె ముందు మురుగుకాలువ త్రవ్వించుట మేలు.

డెల్టా సమతలమైనది గదా, వాలు గొడవ మనకు లేదని పలుకువారు కలరు. నిజమే, తెనాలి నడిబొడ్డున మూడు కాలువలు పాఱుచున్నను పట్టణమున మిట్టపల్లములు కానరావు. కాని యెచట కాలువ కలదో అచట గట్టు కలదు, గట్టునకు ఆవల నీరు కలదు. ఈ జాతి బండ్లకు తయారీదారులు సాధారణముగ విధించు హద్దు పదునైదు డిగ్రీల వాలు. అనగా నాలుగడుగులు నడచునప్పటికి ఒక యడుగు దిగు వాలు. మన కాలువగట్లలో పెక్కు అంతకంటె నిటారైనవి. పల్లమునకు దిగునపుడు బరువు ముందునకు ఒరిగి వెనుకచక్రముల పట్టు సడలును. పట్టు సడలినచో ఈ బండికి దారి త్రిప్పు సాధనమే యుండదు, ఏలన ముందుచక్రములు మనమాట వినునవి కావని ముందే చెప్పుకొంటిమి. తడిగడ్డిపై జారి నీటిలో బోల్తాపడిన బండి క్రింద మనిషి చిక్కుకొనుట ఈ యంత్రమునకు సంబంధించిన ప్రమాదములలో మిక్కిలి ఘోరమైనది. బోల్తాపడినను మనిషి నలగకుండ వెనుక నిలిపిన యినుపకమాను, దానితోడి సీటుబెల్టు లేని బండిని చవుకయని కొనరాదు. చెరువునకు గాని, కాలువకు గాని బండి వెడల్పునకు రెండింతల దూరమున ఆగి, మిగిలిన పట్టీని బ్రష్ కట్టరునకో కొడవలికో విడువవలయును. ఆ పట్టీ కొఱకే బండి వచ్చిన తరువాతను ఇంటిలో కొడవలి యుండవలయును.

ఇక కొలతలు. డెక్కు వెడల్పు నలుబదిరెండంగుళముల నుండి డెబ్బదిరెండంగుళముల వరకు దొరకును. గంటకు ఎనిమిది కిలోమీటర్ల వేగమున అరువదియంగుళముల డెక్కు లెక్కప్రకారము గంటకు మూడెకరములు కోయును. మలుపులకు, వరుసల అంచులు కలిసిపోవుటకు అయిదింట ఒకవంతు తీసివేసినచో 2.4 ఎకరములు. నలుబదిరెండంగుళములది అదే లెక్కను 1.7 ఎకరములు. అయిదెకరముల తోటలో ఈ రెంటికిని భేదము ఒక గంట మాత్రమే. ఆ గంట కొఱకు గేటు పట్టని బండి కొనుట తెలివి గాదు. ముందు గేటు కొలువుడు. పిదప కొబ్బరితోటలో పాదుల నడుమనున్న ఖాళీని కొలువుడు: చెట్లు ఇరువదియైదడుగుల దూరమున నున్నను, పాదుగట్లు రెండువైపుల చొచ్చుకొనివచ్చి బండికి మిగుల్చునది చాల తక్కువ, వెడల్పు డెక్కు ఆ గట్లనెక్కి ఒకవైపు మట్టిని గొరుగును. డెక్కు పలుచని రేకున అచ్చుకొట్టినదా, మూడు మిల్లీమీటర్లకు తగ్గని దళసరి రేకును వెల్డింగు చేసినదా యనియు చూడవలయును. తోటలో రాలిన టెంకాయలు, మట్టలు, ఎవరో విడిచిన యినుపతీగ గడ్డిమాటున దాగియుండును. బ్లేడు కొన గంటకు మూడువందల కిలోమీటర్లకు మించిన వేగముతో తిరుగును. దానికి తగిలిన చిప్పముక్క యే దిక్కున పోవునో చెప్పలేము. కోతకు ముందు తోటయంతయు ఒకమారు కాలినడకన తిరిగి ఏరివేయుట, పిల్లలను కుక్కలను ఇంటిలోనుంచుట, ఇవి అలక్ష్యము చేయువారు బండి జోలికి పోకుండుటయే మంచిది.

గేదెలున్న యింట మఱియొక ఆలోచన కూడ కావలయును. ఈ బండి గడ్డిని కోయుట గాదు, నుఱుము చేయును. ఆ నుఱుము నేలపై రాలి కుళ్ళి తిరిగి ఎరువగుట నేలకు లాభమే గాని, పశువు నోటికి అందదు. వినాయకచవితికి మనము ఏరి తెచ్చు గరికకు కోత హితవు. నేలబారున ప్రాకునది గనుక ఎంత కోసినను అంత చిక్కగ అల్లుకొనును. తుంగను కోసిన లాభము లేదు, దాని బలము నేలలోని గడ్డలలో నున్నది. వయ్యారిభామను మాత్రము పూతకు ముందే కోయవలయును. పూచిన పిమ్మట కోసినచో దాని గింజలను తోటయంతట చల్లు పని మనమే పూనుకొన్నట్లగును. ఏ గడ్డినైనను ఒక్కమారున మూడవవంతుకంటె ఎక్కువ కోయరాదన్నది పాత నియమము. వానకాలమంతయు ఊరకుండి దీపావళికి మోకాటియెత్తు గడ్డిలోనికి బండిని తోలువారు బెల్టు తెగినదని విచారింతురు.

ఇంజను విషయమున ఒక చిక్కు కలదు. అమెరికా విపణి కొఱకు తయారగు ఈ పెట్రోలు ఇంజనులలో అనేకములకు, ఇంధనములో ఎథనాలు పదిశాతమునకు మించరాదని తయారీదారులే పుస్తకములలో వ్రాసియున్నారు. మన బంకులలో నేడు దొరకు పెట్రోలున ఎథనాలు ఇరువది శాతము. కొనుటకు ముందు అమ్మువానిచేత ఈ యొక్క విషయము వ్రాతమూలకముగ చెప్పించుకొనవలయును; చెప్పలేకపోయినచో డీజిలు బండినో, బ్యాటరీ బండినో అడుగవలయును. ధర లక్షలలో నుండును గనుక, బెల్టు, బ్లేడు, ఫిల్టరు ఏ యూరిలో, ఎన్నాళ్ళకు దొరకునో కూడ అపుడే అడుగుట మంచిది.

నడపుట నేర్చుటకు ఒక సాయంకాలము చాలును. బ్లేడ్లు ఆపి, ఖాళీస్థలమున, లీవర్లను వ్రేళ్ళ కొనలతో కదలించుచు అభ్యసింపవలయును. ట్రాక్టరునకు అలవాటుపడినవారే మొదట ఎక్కువ తడబడుదురు, చేతులు లేని స్టీరింగును వెదకుచుండును గనుక. వరుస చివర ఒక చక్రమును నిలిపి గిరుక్కున తిరుగుట చూడముచ్చటయే గాని నేలకది గాయము; కొంచెము వెనుకకు వచ్చి, రెండు చక్రములను కదలించుచునే మళ్ళింపవలయును. మనిషి సీటునుండి లేచినంతనే బ్లేడ్లు ఆగునట్లు సీటు క్రింద ఒక స్విచ్చి కలదు. అది మాటిమాటికి బండిని ఆపుచున్నదని దాని వైర్లను కలిపివేయు నేర్పరులు మెకానిక్కులలో లేకపోలేదు. వారి నేర్పు మఱియొక బండిపై చూపుమనుడు.

మాఘము దాటి ఎండలు ముదిరినచో, నీరు పెట్టని చోట గరికయే నిద్రపోవును. అపుడు బండికిని సెలవు. పెట్రోలు తీసివేసి, ఇంజను రెక్కలలో చిక్కిన దుమ్మును ఊదివేసి, డెక్కు అడుగును గీకి, బ్యాటరీ తీగ విడదీసి నీడలో నిలుపవలయును. ఆ నీడ గడ్డివామి ప్రక్కనున్న పాక మాత్రము కారాదు. వామిలోని యెలుకలకు ఎండుగడ్డికంటె సీటు క్రింది రంగురంగుల వైర్లు మిక్కిలి రుచి.