తనఖా, డిక్రీ, జప్తు

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతములలో వేరుశనగ విత్తులకును, ప్రత్తి యెరువులకును అప్పు తెచ్చుట సామాన్యమే. పత్రముపై వేలిముద్ర వేయుటకు ముందు అందేమున్నదో చదివించుకొనువారు మాత్రము స్వల్పము. పిదప కోర్టు అమీను వాకిట నిలిచిననాడు సర్వమును పోవునను భయముతో, వచ్చిన ధరకే భూమి నమ్ముకొనువారును కలరు. ఈ భయములో సగము తెలియమివలన గలిగినదే.

మొదట పత్రము సంగతి. నూరు రూపాయలకు తక్కువగాని అప్పునకు భూమిని తనఖా పెట్టినచో, 1882వ సంవత్సరపు ఆస్తి బదలాయింపు చట్టము ననుసరించి పత్రము రిజిష్టరు కావలెను. ఇద్దరు సాక్షులు సంతకము చేయవలెను. దస్తావేజులను ఋణదాతయొద్ద నుంచి చేయు తనఖాకు మాత్రము ఈ నియమము లేదు. బాకీ చెల్లించి భూమిని విడిపించుకొను హక్కును తనఖా పత్రములో నెట్టి షరతు వ్రాసినను తీసివేయజాలరు. ఇచ్చటనే యొక మోసము జరుగుచుండును. కొందరు నోటితో తనఖా యని చెప్పి విక్రయపత్రము వ్రాయించుకొందురు. బాకీ తీరినచో భూమి తిరిగి యిత్తుమని వేరొక కాగితముపై వ్రాసియిత్తురు. ఆ షరతు విక్రయపత్రములోనే యుండిననేగాని చట్టము దానిని తనఖాగా నంగీకరింపదు. వేరు కాగితమును నమ్మి భూమిని పోగొట్టుకొనకుడు.

సమను తీసికొననిచో దావాయే నడువదని తలచుట మరియొక పొరపాటు. ప్రతివాది రానిచో ఏకపక్షముగా డిక్రీ యగును. దానిని రద్దు చేయింపగోరువాడు ముప్పది దినములలో దరఖాస్తు పెట్టుకొనవలెను. సమను సరిగా నందియుండనిచో, డిక్రీ సంగతి తెలిసిన దినమునుండి ఈ గడువు లెక్కింపబడును. సొమ్ము డిక్రీని పండ్రెండు సంవత్సరములవరకు అమలు జరిపించుకొనవచ్చును. కావున ఊరకున్నంతమాత్రమున అది చచ్చిపోదు.

ఇక జప్తు. 1908వ సంవత్సరపు సివిలు ప్రొసీజరు కోడు 60వ సెక్షను ప్రకారము కుటుంబమునకు వలయు బట్టలు, వంటపాత్రలు, పడకలు, కర్షకుని పనిముట్లు, జీవనమునకు ఆవశ్యకమని కోర్టు తలచిన పశువులు, విత్తనపు గింజలు, అతడు కాపురముండు ఇల్లు జప్తునకు లోబడవు. భూమికి ఈ రక్షణ లేదు. తనఖా పెట్టిన ఆస్తిని అమ్మించుటకు జప్తే యక్కరలేదు గనుక, ఇంటిని తనఖా పెట్టినవాడు ఈ సెక్షనును నమ్ముకొని యుండరాదు. సొమ్ము డిక్రీకై స్త్రీని ఖైదు చేయరాదు.

భూమి వేలమునకు వచ్చినను బాకీకి చాలినంత భాగమునే అమ్మవలెను. ఆంధ్రప్రదేశమునుండి వచ్చిన యొక అప్పీలులో, రెండువేలపైచిలుకు రూపాయల డిక్రీకై పది యెకరములు పదునేడువేలకు వేలమైపోయెను. ఇట్లు చూచుకొనుట కోర్టు ఇష్టము కాదు, విధియని 1989లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. వేలము ముగిసిన పిమ్మటను అరువది దినములలో ప్రకటనలో చూపిన బాకీని, కొనినవానికి వేలపు సొమ్ముపై నూటికి ఐదు చొప్పున పరిహారమును కోర్టులో కట్టినచో భూమి దక్కును. ఈ గడువు తెలియకనే యెందరు భూములు వదలుకొనిరో!

బ్యాంకులు కోర్టునకు పోకయే తాకట్టు ఆస్తిని స్వాధీనపరచుకొనుటకు 2002లో ఒక చట్టము వచ్చెను. అది వ్యవసాయ భూమిపై గల తాకట్టునకు వర్తింపదు. సహకార సంఘముల మాట వేరు. మన సంఘమును ఋణదాతయే గనుక దీనిని దాచుట న్యాయముగాదు: 1964వ సంవత్సరపు సహకార చట్టము క్రింద సివిలు కోర్టు తీర్పు లేకయే రిజిస్ట్రారు ద్వారా బాకీ వసూలు చేయించుకొను అధికారము సంఘమునకు కలదు. బంగారము కుదువబెట్టినచో, తగిన నోటీసు ఇచ్చి అమ్మవచ్చును. బాకీపోగా మిగిలిన సొమ్ము మీదే.

వకీలును పెట్టుకొను శక్తిలేనివారికి జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితముగా వకీలు నిచ్చును. స్త్రీలకును, షెడ్యూలు కులములు, తెగలవారికిని ఆదాయముతో నిమిత్తము లేదు. లోక్ అదాలతులో కుదిరిన రాజీ డిక్రీతో సమానము. దానిపై అప్పీలు లేదు. కనుక వాయిదాలు పంట చేతికివచ్చు కాలమునకు సరిపోవునో లేదో చూచుకొనియే సంతకము చేయవలెను.