కాలిక్యులేటర్‌తో చుక్కల లెక్క: నేను గుంటూరులో పడుకుని కొత్తగూడెంలో తేలిన కథ

మొన్న మిరపకాయల సీజన్‌లో ఊరెళ్లి, రాత్రి కళ్లం కాపలాకి మా బాబాయ్‌తో పాటు నేనూ పడుకున్నా. మాది గుంటూరు వైపు. చుట్టూ పత్తి చేలే, ఆకాశానికి అడ్డేమీ ఉండదు. ప్రొట్రాక్టర్‌కి దారం కట్టి, దారం చివర ఒక నట్టు వేలాడదీసి, ధ్రువ నక్షత్రం వైపు గురిపెట్టా.

"ఏందిరా, మన కళ్లం ఎక్కడుందో తెలీదా నీకు?" అన్నాడు బాబాయ్.

లాజిక్ సింపుల్. ఆ చుక్క దిగంతం నుంచి ఎన్ని డిగ్రీల ఎత్తులో ఉంటే, దాదాపు అదే మన అక్షాంశం. మా ఊరిది 16.2. నాకు వచ్చింది 17.5! డిగ్రీకి 111 కిలోమీటర్లు కదా, అంటే నేను కొత్తగూడెం దగ్గర పడుకున్నట్టు. అసలు ఆ చుక్కే ధ్రువానికి అర డిగ్రీ పైచిలుకు పక్కన ఉంటుంది. మిగతా తప్పంతా నా చేతిదే.

ఓడల్లో అయితే సెక్స్‌టంట్‌తో ఏ చుక్కనైనా కొలుస్తారు. అప్పుడు త్రికోణమితి కావాలి. 1974లో వచ్చిన హెచ్‌పీ-65 లాంటి ప్రోగ్రామబుల్ కాలిక్యులేటర్లు పేజీలకు పేజీల పట్టికల పని తగ్గించేశాయి. 1975 అపోలో-సోయుజ్ యాత్రలో వ్యోమగాములు కూడా దాన్ని వెంట తీసుకెళ్లారు.

మన పరీక్ష హాల్లోకి ప్రోగ్రామబుల్‌ని రానివ్వరు. పర్లేదు, బీటెక్‌లో వాడిన క్యాసియో ఎఫ్‌ఎక్స్-991 ఇఎస్ చాలు. సైన్ ఇన్వర్స్ బ్రాకెట్‌లో, సైన్ ఎ ఇంటూ సైన్ బి, ప్లస్ కాస్ ఎ ఇంటూ కాస్ బి ఇంటూ కాస్ సి. టైప్ చేసి కాల్క్ నొక్కితే ఒక్కో విలువ అదే అడుగుతుంది. ఎ అంటే మీరు ఉన్నామనుకుంటున్న అక్షాంశం. బి ఆ చుక్క డిక్లినేషన్, సి దాని అవర్ యాంగిల్. ఈ రెండిటికీ ఆల్మనాక్ కావాలి, సి కోసం కరెక్ట్ టైమ్, మీరు ఊహించిన రేఖాంశం కూడా.

ఇక్కడే అసలు సంగతి. జవాబుగా వచ్చేది మీ లొకేషన్ కాదు! అక్కడుంటే ఆ చుక్క ఎంత ఎత్తులో కనిపించాలో చెబుతుంది, అంతే. లెక్క 40 డిగ్రీల 20 నిమిషాలు, కొలత 40 డిగ్రీల 25 నిమిషాలు అనుకోండి. 5 నిమిషాలు ఎక్కువ, కాబట్టి మీరు ఊహించిన చోటు నుంచి చుక్క వైపుకి 5 నాటికల్ మైళ్లు, అంటే 9 కిలోమీటర్ల పైనే జరిగి అడ్డంగా ఒక గీత గీయాలి. ఇంకో చుక్కకి ఇంకో గీత. రెండూ కలిసే చోట మీరు.

"ఫోన్‌లో జీపీఎస్ ఉందిగా బ్రో" అంటారు. ఉంది, సిగ్నల్ లేని చోట కూడా పనిచేస్తుంది. కానీ వాడరేవు నుంచి వేటకెళ్లిన బోటులో ఛార్జింగ్ అయిపోతే? అప్పుడు చేతి వాచీ కూడా ముఖ్యమే. అది 4 సెకన్లు తప్పితే మన దగ్గర తూర్పు పడమరల్లో దాదాపు 1.8 కిలోమీటర్లు తేడా.

ఇంకోటి. స్క్రీన్ మీద డి ఉందా, ఆర్ ఉందా చూసుకోండి. సైన్ 16 డిగ్రీల్లో 0.2756. రేడియన్ మోడ్‌లో అదే మైనస్ 0.2879. నేను మొదటిసారి ఆర్‌లోనే కొట్టా. నెత్తిమీద మెరుస్తున్న చుక్క భూమి కిందుందని వచ్చింది.