పొగ మానాలనుకునే మిత్రుని పక్కన నిలబడదాం

గుండెనొప్పి వచ్చి, స్టెంటు వేయించుకుని ఇంటికి చేరిన ఒక సహోదరుణ్ణి చూడటానికి ఆమధ్య మేము నలుగురం వెళ్ళాం. బత్తాయిలు పట్టుకెళ్ళాం, ప్రార్థన చేశాం. ఆ తర్వాత ఒకరి వెంట ఒకరం ఆయనకు బుద్ధులు చెప్పడం మొదలుపెట్టాం. "ఇకనైనా ఆ సిగరెట్టు మానెయ్యన్నా, పిల్లల ముఖం చూడు" అన్నారొకరు. "దేవుడు నిన్ను బతికించింది మళ్ళీ అదే పని చేయడానికా?" అన్నారు ఇంకొకరు. ఆయన అన్నిటికీ తలూపాడు. "అలాగే బ్రదర్, ఇక ముట్టుకోను" అన్నాడు.

ఇరవై రోజుల తర్వాత ఆయన భార్య మాలో ఒకరికి ఫోన్ చేసి ఏడ్చింది. వర్క్‌షాపు వెనక్కి వెళ్ళి మళ్ళీ తాగుతున్నాడట. మందుల చీటీ కోసం వెళ్ళినప్పుడు డాక్టరు అడిగితే, మాకు చెప్పినట్టే ఆయనకూ మానేశానని చెప్పాడట.

అబద్ధమాడాడని మొదట మాకు కష్టంగా అనిపించింది. నిదానంగా ఆలోచిస్తే మా తప్పు కనబడింది. నిజం చెబితే వినేవాళ్ళెవరూ లేకుండా చేసింది మేమే. మన సంఘాల్లో ఇలాంటి ఇళ్ళు చాలా ఉన్నాయి కాబట్టి, మేము ఆలస్యంగా నేర్చుకున్నది మీతో పంచుకుంటున్నాం.

భయం ఒక్కటే ఎందుకు చాలదు?

చావు అంచు దాకా వెళ్ళొచ్చినవాడు మళ్ళీ ఎలా తాగగలడని మనం ఆశ్చర్యపోతాం. పొగలోని నికోటిన్ కొన్ని సెకన్లలోనే మెదడుకు చేరుతుంది. ఏళ్ళ తరబడి రోజుకు పదిసార్లు, ఇరవైసార్లు అలా చేరుతుంటే మెదడు దానికి అలవాటు పడిపోతుంది. అది ఆగిన రోజున చిరాకు, దిగులు, నిద్ర పట్టకపోవడం, దేనిమీదా మనసు నిలవకపోవడం, ఆకలి పెరగడం మొదలవుతాయి. మొదటి మూడు నాలుగు రోజులు ఇవి తీవ్రంగా ఉంటాయి. రెండు నుంచి నాలుగు వారాల్లో చాలావరకు తగ్గుతాయి.

ఆస్పత్రి మంచం మీద కలిగిన భయం మానాలన్న కోరికను పుట్టిస్తుంది. అది విలువైనదే. చాలామంది మానడానికి నిజంగా సిద్ధపడేది ఆ రోజుల్లోనే. అయితే నొప్పి తగ్గుతున్నకొద్దీ భయమూ తగ్గుతుంది. పైగా, కంగారు కలిగినప్పుడల్లా సిగరెట్టు వెలిగించడం అలవాటైన మనిషిని మనం ఇంకా కంగారుపెడితే, అతని చెయ్యి ముందు వెళ్ళేది జేబులోని పెట్టెమీదికే. భయం చల్లారేలోపు ఒక మనిషి తోడు దొరకాలి.

ఇప్పుడు మానితే లాభముందా?

"జరగాల్సింది జరిగిపోయింది, ఇప్పుడు మానితే ఏం వస్తుంది?" అనేవారు ఉంటారు. చాలా వస్తుంది. ఆఖరి సిగరెట్టు ఆర్పిన ఒకటి రెండు రోజుల్లో రక్తంలోని కార్బన్ మోనాక్సైడ్ మామూలు స్థాయికి దిగుతుంది. కొన్ని వారాల నుంచి మూడు నెలల లోపు రక్తప్రసరణ, ఊపిరితిత్తుల పనితీరు మెరుగుపడతాయి. ఏడాది గడిచేసరికి గుండెజబ్బు ముప్పు, తాగుతూనే ఉన్నవారితో పోలిస్తే దాదాపు సగానికి తగ్గుతుంది. గుండెజబ్బు వచ్చిన తర్వాత మానినవారిలో కూడా మరణించే ముప్పు సుమారు మూడోవంతు తగ్గుతుందని వైద్య పరిశోధనలు చూపించాయి.

"పూర్తిగా ఎందుకు, రోజుకు ఒకటి రెండుకు తగ్గిస్తాను" అనేవారికి కూడా ఒక మాట. రోజుకు ఒక్క సిగరెట్టు తాగినా, గుండెకు కలిగే అదనపు ముప్పు ఇరవై తాగేవారికి ఉండే దానిలో దాదాపు సగం ఉంటుంది. తగ్గించడం ఒక మెట్టు కావచ్చు. గుండె విషయంలో అక్కడే ఆగిపోకూడదు.

బీడీకి, చుట్టకు కూడా ఇదే వర్తిస్తుంది. ఉత్తరాంధ్ర తీరంలో కొందరు పెద్దవాళ్ళు, ముఖ్యంగా స్త్రీలు, చుట్ట కాలే కొసను నోటిలోపల పెట్టుకుని అడ్డపొగ తాగుతారు. దానివల్ల అంగిలికి క్యాన్సర్ వచ్చే ప్రమాదముంది. పొగ మాని ఖైనీకో గుట్కాకో మారితే నికోటిన్ బానిసత్వం అలాగే ఉండిపోతుంది. ఈ-సిగరెట్ల అమ్మకం 2019 నుంచి మన దేశంలో నిషేధం.

ఏం మాట్లాడాలి?

ఆ ఫోన్ వచ్చాక మాలో పెద్దాయన ఒక్కడే ఆ సహోదరుడి వర్క్‌షాపుకు వెళ్ళాడు. అలవాటు గురించి ఏమీ అనలేదు. కాసేపు కూర్చుని, "తమ్ముడూ, మొన్న మేమంతా నీమీద పడిపోయాం. మమ్మల్ని క్షమించు. రోజులో ఏ పూట నీకు బాగా కష్టంగా ఉంటుందో చెప్పు" అని అడిగాడు. చాలాసేపు మౌనంగా ఉండి, "పొద్దున టీ తాగాక అన్నయ్యా, రాత్రి షట్టరు వేశాక" అన్నాడాయన. ఆ రెండు పూటలూ తెలిశాకే మాకు చేయడానికి పని దొరికింది.

మనం నేర్చుకోవలసిన మొదటి సంగతి ఈ అడగడమే. "ఎందుకు మానవు?" అంటే ఎదుటివాడు సాకులు వెతుక్కుంటాడు. "మానాలని నీకెందుకు అనిపిస్తోంది?" అంటే తన కారణాలు తనే చెబుతాడు. అతని నోట వచ్చిన కారణమే అతణ్ణి నిలబెడుతుంది. ఇంతకుముందు ఎప్పుడైనా మానావా, ఎన్ని రోజులు ఉండగలిగావు, ఏం జరిగి మళ్ళీ మొదలైంది అని కూడా అడగండి. మానాలన్న నిర్ణయం మాత్రం అతనిదే కావాలి.

మొదటి నెలలో చేయవలసినవి

మానే రోజును అతనే నిర్ణయించుకోనివ్వండి. ముందురోజు ఇంట్లో, బండిలో, పనిచేసే చోట ఉన్న సిగరెట్లు, లైటర్లు, యాష్‌ట్రేలు తీసేయాలి. తాగాలన్న కోరిక ఒక్కసారిగా ఎగసినా, సాధారణంగా కొన్ని నిమిషాల్లోనే తగ్గుతుంది. ఆ నిమిషాలు దాటించడమే స్నేహితుడి పని. ఫోన్ ఎత్తండి, నాలుగు మాటలు మాట్లాడండి, కలిసి కాస్త నడవండి. నోట్లో సోంపో లవంగమో వేసుకోవడం, మంచినీళ్ళు తాగడం కూడా ఉపయోగపడతాయి. మాలో ఒకరు పొద్దున టీ వేళకు కొట్టు దగ్గరికి కాకుండా తన ఇంటికి రమ్మన్నారు. మరొకరు రాత్రి షట్టరు వేసే వేళకు వెళ్ళి ఇంటిదాకా తోడు నడిచారు.

ఆ వారాల్లో అతను విసుక్కుంటాడు, చిన్నదానికీ అరుస్తాడు. ఇది కొన్నాళ్ళలో తగ్గే బాధ అని అతని భార్యకు, పిల్లలకు ముందే చెప్పి ఉంచండి. మనలో పొగతాగేవారుంటే అతని ఎదుట తాగకూడదు. కలిసి మానగలిగితే ఇంకా మంచిది.

మందు వాడటం అవిశ్వాసమా?

ప్రార్థన చేసిన రోజే అలవాటు వదిలిపోయిందని సాక్ష్యమిచ్చేవారు మన మధ్య ఉన్నారు. వారిని బట్టి సంతోషిస్తాం. కానీ అలా జరగని సహోదరుడి విశ్వాసం తక్కువని ఎవరూ అనకూడదు. స్టెంటు వేయించుకోవడం అవిశ్వాసం కానప్పుడు, నికోటిన్ నుంచి బయటపడటానికి వైద్యం తీసుకోవడం ఎలా అవుతుంది?

నికోటిన్ గమ్, ప్యాచ్‌లు, డాక్టరు చీటీతో ఇచ్చే మాత్రలు మానగలిగే అవకాశాన్ని పెంచుతాయి. గుండెజబ్బు ఉన్నవారు వీటిని తప్పకుండా డాక్టరును అడిగే వాడాలి. అందుకే డాక్టరుకు నిజం చెప్పడం ముఖ్యం. ఒంటరిగా వెళ్తే చెప్పలేకపోతాడేమో, తోడు వెళ్ళండి.

కేంద్ర ప్రభుత్వ ఉచిత సహాయ నంబరు 1800-11-2356 కూడా ఉంది. 2018 నుంచి ఈ నంబరును సిగరెట్ పెట్టెలమీదే ముద్రిస్తున్నారు. పొగ మానాలనుకునేవారికి సలహాదారులు ఫోన్‌లో దారి చూపిస్తారు. మొదటిసారి ఫోన్ చేసేటప్పుడు పక్కన కూర్చోండి.

జారిపోతే

చాలామంది ఒక్క ప్రయత్నంలో మానలేరు. మా సహోదరుడు కూడా రెండుసార్లు జారాడు. రెండోసారి మాత్రం మేము అడగకముందే తనే చెప్పాడు: "నిన్న పెళ్ళిలో ఒకటి తాగాను అన్నయ్యా." ఆ మాట విని పెద్దాయన, "చెప్పావు, అది చాలు. రేపు పొద్దున టీకి ఇంటికి రా" అన్నాడు. ఒక సిగరెట్టు తాగితే అంతా పోయినట్టు కాదు. దాన్ని దాచిపెట్టుకున్నప్పుడే అది రెండో సిగరెట్టును పిలుస్తుంది. ఆయన ఇప్పుడు ఎనిమిదో నెలలో ఉన్నాడు. పోరాటం ముగిసిందని ఆయనా అనడు, మేమూ అనం.

పక్షవాయువు గలవాణ్ణి మోసుకొచ్చి, ఇంటి కప్పు విప్పి యేసు ఎదుట దింపిన నలుగురి సంగతి మనకందరికీ తెలుసు. వాళ్ళు అతనికి బోధ చేసినట్టు ఎక్కడా లేదు. మంచానికి తలొక మూలా పట్టుకున్నారు. పొగవాసన తమమీద ఉంటుందని సిగ్గుపడి ఆరాధనలో చివరి వరుసలో కూర్చునేవారు, ప్రభువు బల్లకు ముందే బయటికి వెళ్ళిపోయేవారు మన మందిరాల్లో ఉన్నారు. ఈ ఆదివారం వారిలో ఒకరి పక్కన వెళ్ళి కూర్చుందాం. ఏ పూట కష్టంగా ఉంటుందో అడుగుదాం.